అక్టోబర్ 1: మన ఊరి పట్టికలో ఏ వరుస ముందు రావాలి?

గాంధీనగరం పాఠకుడు (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా పఠనాలయం గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉన్నది. ఆ రోజు తేదీకి సంబంధించిన సంఘటనలు, జయంతులు, దినోత్సవాలు ఉదయమే దాని మీద రాస్తాము. అక్టోబర్ 1 వచ్చేసరికి చైనా ప్రజా గణతంత్రం ఏర్పాటు (1949), నైజీరియా స్వాతంత్ర్యం (1960), అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం వరుసగా ఎక్కుతున్నాయి. 1953లో అదే రోజున ఆంధ్ర రాష్ట్రం అవతరించిన సంగతి మాత్రం చోటు మిగిలితేనే అడుగున చేరుతున్నది. ఎక్కడో అచ్చయిన పట్టికను చూసి యథాతథంగా దించుకోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం. బెజవాడవారు చదివే బల్ల మీద పై వరుస బెజవాడవారి బతుకును మార్చినదై ఉండాలని నేను వాదిస్తున్నాను. ఈ తేదీ కింద ఏవి ఉంచాలో, ఏవి వదిలివేయాలో, ఏ క్రమంలో రాయాలో సభ్యులు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. తేదీ విషయంలో సందేహం లేనివి మాత్రమే రాయండి.

మాచవరం మాస్టారు (విజయవాడ)

మీ వాదన సమంజసమే. అయితే "ఆంధ్ర రాష్ట్ర అవతరణ" అని మూడు మాటలు రాసి వదిలితే నేటి పిల్లలకు ఏమీ అందదు. దాని వెనుక ఉన్న తేదీలు కూడా కొన్ని చేర్చాలి. గుంటూరు జిల్లా కావూరు వినయాశ్రమానికి చెందిన స్వామి సీతారాం 1951 ఆగస్టు 15న నిరాహార దీక్ష మొదలుపెట్టి 35 రోజులు కొనసాగించారు. ఆ తరువాత 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చుని డిసెంబర్ 15 రాత్రి ప్రాణాలు విడిచారు. డిసెంబర్ 19న ప్రధాని నెహ్రూ రాష్ట్ర ఏర్పాటుకు అంగీకారం ప్రకటించారు. ఆ పైన పది నెలలు కూడా నిండకముందే, 1953 అక్టోబర్ 1న, కర్నూలులో ఆయనే కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. చందూలాల్ త్రివేది గవర్నరుగా, టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టారు. పదకొండు జిల్లాలతో పాటు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిశాయి.

రాజధాని విషయంలో మన ప్రాంతానికి ఒక వెలితి మిగిలిన మాట నిజమే. విజయవాడ, గుంటూరు మధ్య రాజధాని ఉండాలని కమ్యూనిస్టులు గట్టిగా పట్టుబట్టారు. కానీ 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక రాయలసీమకు ఇచ్చిన మాట ఉండడంతో కర్నూలుకే మొగ్గు వచ్చింది. అక్కడ భవనాలు చాలక ప్రభుత్వ కార్యాలయాలు డేరాలలో నడిచాయి. ఇది కూడా ఒక వాక్యంగా రాయండి, పిల్లలు ఆగి చదువుతారు.

బ్రాడీపేట న్యాయవాది (గుంటూరు)

మాస్టారు గారు చెప్పిన వరుసకు రెండు చేర్పులు. శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకు ఇచ్చినప్పుడు రెండవది కోస్తాకు రావాలి. ఆ లెక్కలోనే 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆయనే తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956 నవంబర్‌లో హైకోర్టు హైదరాబాదుకు తరలిపోయింది. తిరిగి 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా పనిచేయడం మొదలుపెట్టి, అమరావతిలోని నేలపాడుకు చేరింది. అరవై ఏళ్లు దాటాక హైకోర్టు మళ్ళీ గుంటూరు జిల్లా గడ్డ మీదికే వచ్చిందన్నమాట. గుంటూరు రాజధానిగా ఉండేదని మా కోర్టు ఆవరణలోనే కొందరు చెబుతుంటారు. అది సరికాదు, ఇక్కడ ఉన్నది హైకోర్టు మాత్రమే.

రెండవది, బల్ల మీద "దేశంలో మొదటి భాషా రాష్ట్రం" అని రాయకండి. ఒడిశా 1936 ఏప్రిల్ 1ననే ఒడియా భాష ప్రాతిపదికపై వేరు ప్రావిన్సుగా ఏర్పడింది. "స్వతంత్ర భారతంలో భాష ప్రాతిపదికపై ఏర్పడిన మొదటి రాష్ట్రం" అని రాస్తే ఎవరూ వేలు పెట్టలేరు.

అరండల్‌పేట విద్యార్థిని (గుంటూరు)

పెద్దలకు నమస్కారం. నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. అక్టోబర్ 1 అంటున్నారు, నవంబర్ 1 అంటున్నారు, మధ్యలో కొన్నేళ్లు జూన్ 2 అన్నారు. వీటిలో మన రాష్ట్ర అవతరణ దినం ఏదని రాయాలో దయచేసి స్పష్టంగా చెప్పగలరా?

బ్రాడీపేట న్యాయవాది (గుంటూరు)

అమ్మాయ్, ప్రశ్నలో రాష్ట్రం పేరు ఏమి ఉన్నదో ముందు చూడు. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబర్ 1. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే, తెలంగాణ ప్రాంతం కలిసిన 1956 నవంబర్ 1. విభజన అమలులోకి వచ్చిన తేదీ 2014 జూన్ 2. ఈ మూడూ జరిగిన సంఘటనలే, ఏ ఒక్కటీ తప్పు కాదు. అవతరణ దినంగా దేనిని జరుపుకోవాలన్నది ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయం. 2014 తరువాత కొన్నేళ్లు జూన్ 2న నవనిర్మాణ దీక్ష జరిగింది, 2019లో మళ్ళీ నవంబర్ 1కి మారింది.

ఇది మనకొక్కరికే ఉన్న చిక్కు కూడా కాదు. సైప్రస్ దేశానికి 1960 ఆగస్టు 16న స్వాతంత్ర్యం వచ్చింది, కానీ ఆ దేశం స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకునేది అక్టోబర్ 1న. అందుచేత గాంధీనగరం వారికి నా సలహా ఏమిటంటే, ఆ రోజున జరిగినవాటిని ఒక పక్కన, ఆ రోజుకు మనుషులు కేటాయించినవాటిని మరొక పక్కన రాయండి. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లనే సగం తగవులు వస్తున్నాయి.

సత్యనారాయణపురం రైల్వే (విజయవాడ)

న్యాయవాది గారి విభజన బాగున్నది. దానికి తోడు, అక్టోబర్ 1 మీద ఇన్ని ప్రారంభాలు ఎందుకు పడ్డాయో కూడా గమనించాలి. ఇది సంవత్సరంలో మూడు త్రైమాసికాలు ముగిసి నాలుగవది మొదలయ్యే రోజు. కొత్త చట్టం, కొత్త కార్యాలయం, కొత్త లెక్కల పుస్తకం దేనికైనా ఖజానావారికి సౌకర్యమైన తేదీ. 1854 అక్టోబర్ 1న దేశమంతటికీ ఒకే తపాలా చట్టం, ఒకే రకం బిళ్ళలు అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి ఉత్తరం ఎంత దూరం పోయినా బరువును బట్టి రుసుము చెల్లిస్తే సరిపోయేది. బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పని సాగుతున్న రోజులవి, మరుసటి ఏడు అది పూర్తయింది. 1912లో ఇదే తేదీన ఢిల్లీని పంజాబు నుంచి విడదీసి ప్రత్యేక పాలన కిందికి తెచ్చారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పని మొదలుపెట్టినది 1958 అక్టోబర్ 1న; అది మరీ స్పష్టంగా కొత్త త్రైమాసికం మొదటి రోజే.

మా శాఖ వారి తరఫున ఒకటి తప్పక చేర్చమని అడుగుతున్నాను. 1964 అక్టోబర్ 1న జపానులో టోక్యో, ఒసాకాల మధ్య షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) మొదలైంది. మరో తొమ్మిది రోజులలో టోక్యో ఒలింపిక్స్ ఆరంభం కావలసి ఉండగా, దాదాపు 515 కిలోమీటర్ల దూరాన్ని నాలుగు గంటలలో చేర్చే రైలును వారు పట్టాలెక్కించారు. విజయవాడ జంక్షన్‌లో సిగ్నల్ కోసం ఊరి వెలుపల నిలబడిన బండిలో కూర్చున్న వారికి ఈ వరుస వేరుగా వినిపిస్తుందనుకోండి.

పట్నంబజారు వర్తకుడు (గుంటూరు)

రైల్వే వారు 1958 అన్నారు గాని, ఆ రోజున మన దేశంలో జరిగినది చెప్పలేదు. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. దాని కింద మెట్రిక్ తూనికలను 1958 అక్టోబర్ 1 నుంచి కొన్ని ప్రాంతాలలో, కొన్ని రంగాలలో మొదలుపెట్టి దశలవారీగా విస్తరించారు. డబ్బులలో అణాలు పోయి నయా పైసలు వచ్చినది అంతకు ముందే, 1957 ఏప్రిల్ 1న.

బజారులో ఉన్నవారికి ఈ మార్పు రాష్ట్రావతరణ కంటే తక్కువది కాదు. మా తాతల కాలం చిట్టాలలో మిరప, పసుపు, బెల్లం అన్నీ వీశెలలో, మణుగులలో ఉంటాయి. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. మద్రాసు మణుగు 11 కిలోల పైచిలుకు అయితే బెంగాలు మణుగు 37 కిలోలు దాటుతుంది. గుంటూరు వ్యాపారి కలకత్తా వ్యాపారికి మణుగు ధర తంతి ద్వారా పంపితే ఏ మణుగో మరొక మాటలో చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడు మిరప యార్డులో టిక్కీలను (మిరప బస్తాలను) కాటా మీద పెట్టి క్వింటా ధర పాడుతున్నారంటే దానికి మొదటి రోజు అదే. కొలపాత్రలు మాత్రం అంత సులభంగా పోలేదు. సోల, తవ్వ, మానిక, కుంచం మా ఇళ్లలో చాలాకాలం బియ్యపు డబ్బాల పక్కనే ఉన్నాయి, కొందరి ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. నా మాటగా దీనిని రెండవ వరుసలో పెట్టండి.

తెనాలి రంగస్థలం

జయంతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అల్లు రామలింగయ్య గారు 1922 అక్టోబర్ 1న పాలకొల్లులో జన్మించారు. హోమియోపతి వైద్యం చేస్తూ, నాటకాలు ఆడుతూ, 1950ల తొలినాళ్లలో వెండితెరకు వచ్చి అర్ధశతాబ్దం పాటు తెలుగువారిని నవ్వించారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు, 2004 జూలై 31న కన్నుమూశారు. నాటకరంగం నుంచి వచ్చిన నటుడికి మాట విరుపు, చూపు, నడక ఎంత ఉపయోగపడతాయో చూడాలంటే ఆయన కనిపించే రెండు నిమిషాల సన్నివేశం చాలు. ఎదుట ఎంత పెద్ద కథానాయకుడు ఉన్నా ప్రేక్షకుడి కన్ను ఈయన మీదికే పోయేది. ఇదే తేదీన 1928లో శివాజీ గణేశన్ పుట్టారు. ఆయన కూడా రంగస్థలం మీద వేసిన శివాజీ పాత్రతోనే ఆ పేరు పొందిన వారు. ఒకరు కంఠంతో గుండెను కదిలించిన వారు, ఒకరు కనుబొమతో కడుపుబ్బ నవ్వించిన వారు. ఇద్దరూ ఒకే తేదీన పుట్టడం మావంటి నాటకాల వారికి ముచ్చటగా ఉంటుంది. సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్ జననం 1906 అక్టోబర్ 1. ఇది అంతర్జాతీయ సంగీత దినోత్సవం కూడాను, 1975 నుంచి జరుగుతున్నది.

మాచవరం మాస్టారు (విజయవాడ)

జయంతులలో అనీ బెసెంట్‌ను విడిచిపెట్టకండి. 1847 అక్టోబర్ 1న లండనులో పుట్టి, 1917లో కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన తొలి మహిళ ఆమె. మదనపల్లెలో కళాశాల 1915లో ఆమె చొరవతో వచ్చినదే. అలాగే జి.ఎం.సి. బాలయోగి గారు 1951 అక్టోబర్ 1న కోనసీమలో జన్మించారు. 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు. 2002 మార్చి 3న ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టర్ అప్పటి కృష్ణా జిల్లాలోని కైకలూరు ప్రాంతంలో కూలిపోయింది. ఆ జిల్లా వారికి ఆయన జయంతి కంటే ఆ దుర్వార్తే ఎక్కువ గుర్తు. మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ (1945), నూరేళ్లు పూర్తి చేసుకున్న అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ (1924) కూడా ఈ తేదీనే పుట్టారు. వీరిద్దరికీ ఒక్కొక్క పంక్తి చాలు.

గాంధీనగరం పాఠకుడు (విజయవాడ)

చాలా సంతోషం. ఇక ఆ రోజుకు కేటాయించిన దినోత్సవాల గురించి. వృద్ధులు, రక్తదానం, సంగీతం, కాఫీ, శాకాహారం అన్నీ ఒక్క రోజే ఉన్నాయి. అన్నీ రాస్తే బల్ల చాలదు. డాక్టరమ్మ గారు ఈ చర్చ చూస్తున్నారా?

సూర్యారావుపేట డాక్టరమ్మ (విజయవాడ)

చూస్తున్నానండీ. కాఫీ, శాకాహారం తీసివేసినా ఎవరికీ నష్టం లేదు. జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం మాత్రం ఉంచండి. దేశంలో రక్తదాన ఉద్యమానికి పునాది వేసినవారిలో ఒకరైన డాక్టర్ జె.జి. జాలీ జన్మదినమైన అక్టోబర్ 1న 1975 నుంచి దీనిని జరుపుతున్నారు. ప్రపంచ రక్తదాతల దినం వేరు. అది రక్త వర్గాలను కనుగొన్న కార్ల్ లాండ్‌స్టైనర్ జన్మదినమైన జూన్ 14న వస్తుంది. రెండింటినీ ఒకటిగా రాయడం ఎన్నో ఫ్లెక్సీల మీద చూశాను.

ఈ తేదీ మన ఊరికి మరొక విధంగా కూడా అవసరమే. వానలు తగ్గే ఈ రోజులలో డెంగీ ఎక్కువగా ఉంటుంది, ప్లేట్‌లెట్లు కావాలని బంధువులు ఆస్పత్రుల మధ్య పరుగులు పెడతారు. దానం చేసిన రక్తం నుంచి వేరు చేసిన ప్లేట్‌లెట్లు మామూలుగా ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. ఎర్రకణాలు నెల పైచిలుకు ఉంటాయి. జూలైలో ఎంత పెద్ద శిబిరం పెట్టినా అక్టోబర్‌లో ప్లేట్‌లెట్ల కొరత తీరదు, అందుకే దాతలు విడతలవారీగా రావాలి. బల్ల మీద దినోత్సవం పేరు రాసి ఊరుకోకుండా అర్హత కూడా రాయండి: వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు, పురుషులకు మూడు నెలలు, స్త్రీలకు నాలుగు నెలలు విరామం. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి సుప్రీంకోర్టు ఆదేశం వల్ల 1998 జనవరి 1 నుంచి నిషిద్ధం. ఈ మాట తెలియక దళారులను వెదికేవారు ఇంకా ఉన్నారు.

బ్రాడీపేట న్యాయవాది (గుంటూరు)

వృద్ధుల దినోత్సవాన్ని ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబర్ 14న నిర్ణయించింది, తొలిసారి 1991లో జరిపారు. ఆ రోజున శాలువా కప్పి పండ్లు పంచడం కంటే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి నాలుగు పంక్తులు రాయడం మేలు. బిడ్డలు అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉండగా ఇక్కడ పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉన్నవారు మన రెండు ఊళ్లలోనూ వీధికొకరు కనిపిస్తారు. ఆ చట్టం కింద పోషణ కోరే దరఖాస్తును ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఇవ్వవచ్చు. నెలకు పది వేల రూపాయల వరకు పోషణ భత్యం ఇప్పించే అధికారం చట్టంలో ఉన్నది. ఇక 23వ సెక్షన్ మరీ ముఖ్యమైనది. చూసుకుంటామన్న షరతు మీద ఇల్లు గానీ పొలం గానీ రాయించుకుని ఆ తరువాత చూడకపోతే, ఆ రాతను చెల్లదని ప్రకటించమని పెద్దవారు కోరవచ్చు. గిఫ్టు దస్తావేజులో ఆ షరతును స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. మా వద్దకు వచ్చే పెద్దవారిలో చాలామంది ప్రేమ కొద్దీ ఆ ఒక్క పంక్తి వదిలివేసినవారే.

జన్మదినాల గురించి మాట్లాడుతున్నాము కనుక మరొక అక్టోబర్ 1 కూడా ఉన్నది. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబర్ 1న అమలులోకి వచ్చింది. ఆ రోజున గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం వంటి వాటికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే.

పట్నంబజారు వర్తకుడు (గుంటూరు)

అంటే బడిలో పంతులు గారు వేసిన తేదీకి ఇక కాలం చెల్లినట్టే. మా తరంలో ఆగస్టు, సెప్టెంబర్ నెలలలో పుట్టినవారందరినీ జూన్‌కు ఐదు నిండేటట్టు సర్ది చేర్చుకున్నారు. ఇంట్లో పెద్దలకు తిథి గుర్తుండేది, నక్షత్రం గుర్తుండేది, ఇంగ్లీషు తేదీ గుర్తుండేది కాదు.

అరండల్‌పేట విద్యార్థిని (గుంటూరు)

న్యాయవాది గారూ, మా అక్కకు 2023 డిసెంబర్‌లో పాప పుట్టింది. ఆస్పత్రి నుంచి నమోదు అయింది కాని అప్పటికి పేరు పెట్టలేదు. ధ్రువపత్రంలో పేరు ఖాళీగా ఉన్నది. ఇప్పుడు ఇబ్బందా?

బ్రాడీపేట న్యాయవాది (గుంటూరు)

ఇబ్బంది లేదమ్మా. నమోదు సకాలంలో జరిగింది కనుక పేరును తరువాత చేర్పించుకోవచ్చు. నమోదైన కార్యాలయంలోనే దరఖాస్తు పెట్టాలి. అసలు నమోదే జరగకపోతే కష్టం. పుట్టిన 21 రోజులలోపు రుసుము లేకుండా నమోదు చేస్తారు, ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. పాపను బడిలో వేసేదాకా ఆగకుండా ఇప్పుడే చేర్పించండి.

గాంధీనగరం పాఠకుడు (విజయవాడ)

చర్చను బట్టి బల్ల రూపం ఇలా అనుకుంటున్నాను. పైన ఆంధ్ర రాష్ట్రం, దాని కిందనే మెట్రిక్ తూనికలు, తపాలా, షింకన్‌సెన్. జయంతులలో అల్లు రామలింగయ్య, శివాజీ గణేశన్, అనీ బెసెంట్, బాలయోగి. కేటాయించిన దినోత్సవాలలో వృద్ధుల దినం, రక్తదాన దినం, వాటి పక్కన చట్టం, అర్హతల వివరాలు. చైనా, నైజీరియాలను ఒకే పంక్తిలో కలుపుతాను. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబర్‌లో ఒక్క ఓటు తేడాతో పడిపోయిన సంగతి రాయాలని ఉన్నది గాని, అది నవంబర్ బల్లకు చెందుతుంది. ప్రకాశం బ్యారేజి మీదుగా రోజూ పోయేవారికి ఆ పేరు ఎవరిదో తెలియాలి కదా అని మాత్రం ఒక పంక్తి ఉంచుతున్నాను.

సత్యనారాయణపురం రైల్వే (విజయవాడ)

నాసాను తీసివేశారు, గమనించాను. షింకన్‌సెన్ ఉన్నది కనుక అభ్యంతరం చెప్పను.

మాచవరం మాస్టారు (విజయవాడ)

ఒక్క సూచన. అక్టోబర్ 1 చాలా సంవత్సరాలలో దసరా నవరాత్రులలోనో వాటికి అటూ ఇటూనో వస్తుంది. 2025లో మహర్నవమి ఆ రోజే వచ్చింది, మరునాడు విజయదశమి, గాంధీ జయంతి కలిసి వచ్చాయి. దుర్గమ్మ కొండ మీదికి పోయే భక్తులతో వన్‌టౌన్ అంతా కిక్కిరిసి ఉంటుంది. పఠనాలయంలో రక్తదాన శిబిరం కూడా పెట్టాలని మీ సంఘం వారు అనుకుంటున్నట్టు విన్నాను. ఉపవాసం ఉన్నవారు వస్తే ఎలా? డాక్టరమ్మ గారు చెప్పాలి.

సూర్యారావుపేట డాక్టరమ్మ (విజయవాడ)

ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు మాస్టారు. తేలికగా భోజనం చేసి, నీళ్ళు బాగా తాగి రావాలి. ఉపవాస దీక్షలో ఉన్నవారిని, రాత్రంతా క్యూలో నిలబడి దర్శనం చేసుకుని వచ్చినవారిని ఆ రోజు తీసుకోకండి, కళ్ళు తిరిగి పడిపోతారు. బల్ల మీద తేదీ అక్టోబర్ 1గానే ఉండనివ్వండి, శిబిరాన్ని మాత్రం దసరా ముగిసిన తరువాత వచ్చే ఆదివారం పెట్టుకుంటే దాతలూ దొరుకుతారు, డెంగీ వార్డుకూ అందుతుంది.